వెనకగది సగటు

మా బావ చదివింది పదో తరగతే. అయినా నేను ఆయన్ని 'డిగ్రీల బావ' అనే పిలిచేదాన్ని. ఏసీ మెకానిక్ కదా, ఇంటికొచ్చిన చుట్టాన్ని మంచినీళ్ళు కావాలా అని అడగడానికి ముందు మీ ఇంట్లో ఎన్ని డిగ్రీలుంటుందని అడిగేవాడు.

పనితనానికి మాత్రం వంక పెట్టలేం. ఎవరింటికి పిలిచినా వెళ్ళగానే ఏసీ మూత విప్పేవాడు కాదు. అగ్గిపెట్టెంత సెన్సర్లు గదికొకటి అతికించి, వారం తర్వాత వస్తానని వెళ్ళిపోయేవాడు. తిరిగొచ్చి ఫోన్‌లో గంటగంటకీ ఎంత వేడి ఉందో చూసి, "మీ ఏసీకి ఏ రోగమూ లేదండీ. పడమటి కిటికీకి తెర కట్టండి, తలుపు కింద సందు మూయండి" అనేవాడు. ఆ రెండూ చేస్తే ఇల్లు చల్లబడేది. కొత్త ఏసీలు అమ్ముడుపోనివ్వడం లేదని షాపు ఓనరు పళ్ళు నూరేవాడు. జనం మాత్రం బావే రావాలని పట్టుబట్టేవాళ్ళు.

ఆయనకొక సూత్రం ఉండేది. "మనుషుల్ని అడక్కూడదు మరదలు పిల్లా. ఒకడికి ఉక్క, ఇంకొకడికి చలి. గదినే అడగాలి."

మా అక్క నోట్లో నాలుక లేని మనిషి. రేకుల కప్పున్న వెనకగదిలో కూర్చుని పద్దెనిమిదేళ్ళుగా జాకెట్లు కుట్టేది. వీధిలో ఎవరి భుజం కొలత ఎంతో టేపు లేకుండా చెప్పేది. ఇంటిపని తెమిలాక మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆమెకు ఆ గదే లోకం.

ఒక వేసవిలో బావతో, "ఆ గదిలో ఉడికిపోతున్నానండీ, కళ్ళు తిరుగుతున్నాయి" అంది. పెళ్ళాం అంతమాట అన్నాక ఏ మొగుడైనా వెళ్ళి ఆ గదిలో పది నిమిషాలు కూర్చుంటాడు. మా బావ సెన్సర్ అతికించాడు. వారం తర్వాత ఫోన్ చూసి, "ముప్పై. ఈ ఎండల్లో అదేం ఎక్కువ కాదు. వేడి గదిలో లేదు, నీ ఒంట్లో ఉంది. డాక్టరుకి చూపించుకో" అన్నాడు.

అక్క నమ్మింది. ఊరంతా నమ్మే మనిషిని కట్టుకున్నది నమ్మకపోతే ఎలా? డాక్టరు వయసన్నాడు, బిళ్ళలు రాశాడు. రెండు వేసవులు అవి మింగింది. మూడో ఏడు ఎవరిదో పట్టుజాకెట్టు మీద చెమట మరక పడి, వాళ్ళచేత నానామాటలూ పడింది. "ఇక నా వల్ల కాదులేవే, ఒళ్ళు అరిగిపోయింది. కుట్టుమిషన్ ఎవరికో ఇచ్చేశాను" అని నాకు ఫోన్‌లో చెప్పింది.

ఆ నెలలోనే ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. భోంచేసి ఆ వెనకగదిలో నడుం వాల్చి, గంట తిరక్కుండానే తడిసి ముద్దై బయటికొచ్చాను. అప్పుడు అతికించిన సెన్సర్ ఇంకా ఆ గోడకే ఉంది.

"ఏదీ, ఆ ఫోన్ ఇలా ఇవ్వు బావా."

తెర మీద ముప్పై అని పెద్దగా ఉంది. దాని మీద వేలు పెట్టగానే ఇంకో పేజీ తెరుచుకుంది. తెల్లవారుజామున ఇరవై మూడు, మధ్యాహ్నం రెండింటికి నలభై ఒకటి. నిన్న అంతే, మొన్న అంతే, కిందటేడూ అంతే.

"ఇదేంటి బావా?"

"పైన కనిపించేది... రోజు మొత్తానికి సగటు," అన్నాడు.

"బయటివాళ్ళ ఇళ్ళల్లో గంటగంటకీ చూస్తావు కదా?"

"మనిల్లే కదా అని..."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచొచ్చి ఇంట్లో మనిషిని ఓడించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క చెప్పిన ప్రతి మాటకూ సాక్ష్యం రెండేళ్ళుగా ఆయన జేబులోనే ఉంది. ఒక్కసారి వేలు పెట్టి చూడలేదు.

మర్నాడు సెలవు పెట్టాడు. రేకుల మీద తెల్ల రంగు వేశాడు, లోపల థర్మోకోల్ పలకలు కొట్టాడు, వేడిగాలి బయటికి పోవడానికి గోడకి ఫ్యాన్ పెట్టాడు. అంతా తన చేత్తోనే నాలుగు రోజుల్లో ముగించాడు. ఐదో రోజు మధ్యాహ్నం సరిగ్గా రెండింటికి అక్కని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

"చూడు, ముప్పై ఒకటి. సగటు కాదు, ఈ నిమిషంలో ఉన్నది."

అక్క ఖాళీగా ఉన్న గదిని ఒకసారి కలయజూసింది.

"చల్లగానే ఉందండీ," అంది. "ఇక్కడ కూర్చుని ఏం చేయమంటారు?"