మిస్ గ్లోరియా నేర్చుకున్న తెలుగు మాట

ఈ ఉదయం స్టాఫ్ రూమ్‌లో ఎవరో మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ మాడబెట్టారు. ఆ కమురు వాసనకి నా చేతులు వాటంతటవే చెవుల మీదికి పోయాయి. అలారం మోగలేదు గానీ మిస్ గ్లోరియా గుర్తొచ్చారు.

అమెరికాలో షాంటిలీ ఊరి దగ్గర ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో నేను సహాయకురాలిగా చేరిన కొత్తలో ఆవిడ మా క్లాసు టీచర్. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు, మాట తక్కువ. పిల్ల ఏడిస్తే చాలు, "అయ్యో, ఏమైందమ్మా, ఎవరేమన్నారు" అని ప్రశ్నలు కురిపించే వంశం మాది. ఆవిడేమో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ముందు చూడు" అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

మా క్లాసులో శ్రీజ అని ఎనిమిదేళ్ళ తెలుగు పిల్ల ఉండేది. మాటలు బాగా తక్కువ. పెద్ద శబ్దమైతే తల గోడకేసి కొట్టుకునేది. ఇంకోసారి అలా జరిగితే దూరంగా ఉన్న మరో బడికి మార్చక తప్పదని ఆఫీసులో చెప్పేశారు. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇక్కడైతే మీరున్నారు కదండీ" అని ఏడ్చింది.

ఆ వారమే ఎవరో పాప్‌కార్న్ మాడ్చడం, ఫైర్ అలారం మోగడం జరిగాయి. అలారం ఆగినా శ్రీజ ఆగలేదు, గోడ దగ్గరికి పరిగెత్తింది. మిస్ గ్లోరియా నేల మీద కూలబడి, ఆ తలకీ గోడకీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టారు. సాయంత్రాలు వాళ్ళమ్మ శ్రీజతో అంటుండగా విని, ముచ్చటపడి నేర్చుకున్న మాట ఒకటుంది ఆవిడ దగ్గర.

"ఐపోయిందీ, శ్రీజా. ఐపోయిందీ."

అలారం అయిపోయిందని ఆవిడ ఉద్దేశం. పిల్ల ఇంకా పెద్దగా కేకలు పెట్టింది. ఆవిడ మళ్ళీ అన్నారు. పిల్ల గుక్కపట్టింది. నాకప్పుడు వెలిగింది.

"మిస్ గ్లోరియా, ఆ మాట వద్దు! ఉయ్యాల మీంచి దింపేటప్పుడు, ఐప్యాడ్ లాక్కునేటప్పుడు మేం పిల్లలతో అనేది అదే!"

ఇంకొకరైతే నొచ్చుకునేవారు. ఆవిడ "ఓ, థాంక్యూ" అని నోరు మూసుకున్నారు. చెయ్యి తియ్యలేదు, పిల్ల ముఖంలోకి చూడలేదు, నెమ్మదిగా ఊపిరి తీస్తూ కూర్చున్నారు. నేనూ కాస్త ఎడంగా కూర్చున్నాను. నా జన్మలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే మొదలు. కేకలు ఏడుపయ్యాయి, ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. శ్రీజ ఆవిడ రెండో చేతిని లాగి నెత్తిన పెట్టుకుని, "ఇంకా" అంది.

"అంటే?" అని గొణిగారు ఆవిడ.

"మోర్," అన్నాను నేను.

ఆవిడ ఇంకాస్త గట్టిగా అదిమి, "ఈ మాట బావుంది" అని నవ్వారు. తల గోడకి తగలనే లేదు కనుక శ్రీజ మా బడిలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం అడిగాను, "మీకు భయం వెయ్యలేదా?" అని.

"వేసింది. అందుకే కూర్చున్నాను."

ఆవిడ రిటైరయ్యారు, ఆ క్లాసు ఇప్పుడు నాది. ఏ పిల్లవాడు అరిచినా నా గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. వెళ్ళి వాడి పక్కన నేల మీద కూర్చుంటాను. కాసేపటికి నెమ్మదిస్తుంది, ముందు నాది, తరువాత వాడిది.