గెడ్డలో ముందు నడిచినవాడు

ఇన్నాళ్ళూ ఇది రాయలేకపోవడానికి నాకు అక్షరాలు రాకపోవడం సగం కారణం మాత్రమే. యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. నేర్పినవాడు నా మరిది. మంచం మీద ఒంటికాలు మడుచుకుని కూర్చుని, నేను రాసిన ప్రతి కాగితాన్నీ ఎర్రపెన్నుతో దిద్దేవాడు. "నీ కొమ్ములు రొయ్య మీసాల్లాగున్నాయొదినా, ఎటు తిరగాలో వాటికే తెల్దు" అనేవాడు. సరుకుల చీటీ రాసినా, ఊళ్ళో రోడ్డు గురించి అర్జీ రాసినా అతను చూడందే మడిచేదాన్ని కాదు. ఈ ఒక్క సంగతి మాత్రం అతని ముందు పెట్టలేకపోయాను. మొన్న ఎండాకాలంలో అతను పోయాడు.

నిన్న చేపల బజారులో బండ మీద ఒక టేకు చేప కనిపించింది. చాప పరిచినట్టు వెడల్పుగా ఉంది, తోక మొదలంటా కోసేసి ఉంది. కాలేజీ పిల్ల ఒకతె "దీనికి తోకుండదా?" అని అడిగింది. "ఉంటాదమ్మా. దాన్ని పడవలోనే కోసి పారేత్తారు" అన్నాడు అమ్మేవాడు. నేను వెళ్ళిన పని మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.

మా పేట పక్కనే గెడ్డ సముద్రంలో కలుస్తుంది. చలికాలం, చంద్రుడు లేని రాత్రుల్లో, ఆటుకి నీరు దిగినప్పుడు, మోకాలి లోతులో లైటు పట్టుకుని నాలుక చేపలకి దిగేవాళ్ళం. పేరుకి తగ్గట్టే నాలుకలా పల్చగా ఉండే చేప అది. రెండు కళ్ళూ ఒక్క పక్కనే ఉంటాయి. ఒళ్ళంతా ఇసక కప్పుకుని పడుకుంటుంది. లైటు పడితే ఇసక మీద సన్నటి గీత కనిపిస్తుంది, అక్కడ మూడు మొనల ఈటె దింపాలి. అయితే అదే ఇసకలో టేకు కూడా పడుకుంటుంది. దాని తోక మీద రంపం లాంటి ముల్లు ఉంటుంది, ముల్లు నిండా విషం. కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్త నాకు నేర్పింది వంట కాదు, ఆ నీళ్ళలో నడక. కాలు ఎత్తకూడదు. అరికాలు ఇసకలోంచి పైకి రాకుండా ఈడ్చుకుంటూ పోవాలి. పాదం పక్కనుంచి తగిలితే టేకు లేచి తన దారిన తాను పోతుంది. పైనుంచి అడుగు పడితే తోక విసురుతుంది. ముందున్న మనిషి ఈడ్చిన చాలులోనే వెనకున్నవాళ్ళు నడవాలి. మా ఇంట్లో ముందు నడక ఎప్పుడూ నాదే.

మరిది పది పాసయ్యాడు. సముద్రం అంటే అతనికి గిట్టదు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని పోయి ఏడు నెలలు ఖాళీగా ఉన్నాక, పరవాడ వైపు ఒక కంపెనీవాళ్ళు సోమవారం నుంచి రమ్మన్నారు. బూట్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. పిక్కల దాకా వచ్చే నల్ల రబ్బరు బూట్లు కొన్నాడు. అలవాటవ్వాలని ఇంట్లో కూడా వేసుకునే తిరిగేవాడు. "పడుకున్నప్పుడైనా ఇప్పుతావేటిరా?" అనేది అత్త. ఆ శనివారం మా ఆయన బోటు మీద వేటకి పోయాడు. ఈటె పట్టడానికి మరిదే నా వెంట వచ్చాడు, బూట్లతోనే.

తొమ్మిది చేపలు పడ్డాయి. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. వెనకనుంచి అతను నవ్వుతున్నాడు. "ముసల్దాన్లాగ ఈడుత్తన్నావేటొదినా? ఇలాగైతే సోమారం దాకా ఇక్కడే ఉంటాం."

"నీకు బూట్లున్నాయి గదేటి. నువ్వే ముందు నడు" అన్నాను.

కోపంతో అనలేదు. ఆ రబ్బరుని ఏ ముల్లూ దాటదని నిజంగానే నమ్మాను. అతను లైటు తీసుకుని ముందుకి వెళ్ళాడు. బూట్లలోకి నీళ్ళు చేరి బరువెక్కాయి. బరువు బూట్లని ఈడ్చడం కష్టం, అందుకని ఎత్తి ఎత్తి వేశాడు. పది అడుగులు కూడా పడలేదు. నీళ్ళు ఒక్కసారి లేచాయి. అతను నీళ్ళలోనే కూర్చుండిపోయాడు. ముల్లు చీలమండ పైన రబ్బరుని చీల్చుకుని లోపలికి దిగి విరిగింది.

అతన్నీ, చేపల బుట్టనీ ఇంటికి ఎలా మోసుకొచ్చానో గుర్తు లేదు. అత్త నీళ్ళు కాచింది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కాలు పెట్టడమే మా వాళ్ళు చేసే వైద్యం. కానీ కాలు వాచి బూటు రావడం లేదు. అత్త కత్తి తీసింది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"బూటు కొయ్యకమ్మా. బూట్లు నేకపోతే సోమారం గేటులోకి ఒగ్గరు. కాసేపు సూడు, వాపు దిగుతాది."

మేం చూశాం. ఏడు నెలల తర్వాత దొరికిన పని. వేడి నీళ్ళు బూటులోకి పోశాం, నూనె పోసి లాగాం. అతను దిండు కొరుకుతూ "ఇంకాసేపు" అనేవాడు. కోడి కూసే వేళకి జ్వరంతో మాట తడబడింది. అప్పుడు అత్త బూటు కోసింది. లోపల కాలు వంకాయ రంగుకి తిరిగిపోయి ఉంది.

ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి తెల్లారింది. అత్త మంచం పక్క నేల మీద కూలబడి, తలెత్తి నన్ను అడిగింది. "ముందర నడిసింది ఎవులు?"

"తనే ఎల్లేడత్తా. వద్దన్నా ఇన్నేదు" అన్నాను.

అతనికి మెలకువగానే ఉంది. నా వంక ఒకసారి చూశాడు. "అవునమ్మా. నానే ఎల్లేను" అన్నాడు.

కాలు తియ్యాలని ఆ మధ్యాహ్నం గానీ మాకు చెప్పలేదు. ఈలోగా అత్త నన్ను బట్టలకని ఇంటికి పంపింది. పెరట్లో రాత్రి బుట్ట అలాగే ఉంది. తడి గోనె తీసి చూశాను, తొమ్మిదీ బాగానే ఉన్నాయి. బుట్ట ఎత్తుకుని, అమ్మడానికి ప్లాంటు క్వార్టర్స్ వైపు నడిచాను. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ చేప మొప్ప ఎత్తి చూసి, "తాజావేనా? ఎప్పుడు పట్టారు?" అంది. రాత్రివేనండీ అన్నాను. ఆ రాత్రికి ఇప్పుడు పదకొండేళ్ళు. నాకింకా నిన్నటిదే.