శవాల బండి మీద స్పీడు కేసు

ఆ రోజుల్లో కలకత్తాలో ఎవరినైనా స్పీడుగా బండి నడిపాడని పోలీసులు పట్టుకున్నారంటే, అసలు వాడికి అంత స్పీడు ఏ రోడ్డు మీద దొరికిందని జనం అడిగేవాళ్ళు. ఒక వీధిలో ట్రామ్ ఆగిపోయి ఉండేది. పక్క వీధిలో ఎర్రజెండాల ఊరేగింపు. దాని పక్కది మెట్రో కోసం తవ్వి పెట్టి ఉండేది (ఆ గోతులు నా పెళ్ళికి ముందు తవ్వారు, మా పెద్దది బడికి వెళ్ళేదాకా పూడ్చలేదు). అలాంటి ఊళ్ళో నేను స్పీడు కేసులో దొరికాను. అదీ లారీతోనో టాక్సీతోనో కాదు, శవాల బండితో. ఇది చెబితే మా మనవలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వుతాను.

మాది ఖిదిర్‌పూర్‌లో మునిసిపాలిటీ క్వార్టర్లు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, భూమి కింది మురుగు కాలవల్లో దిగి శుభ్రం చేసే పనిలో చేరాడు. మా వరసలో ప్రతి గుమ్మం పక్కనా చీపురో పారో ఉండేది గానీ, స్టీరింగు పట్టినవాడు ఒక్కడూ లేడు. టాక్సీ నడిపే మా మావ దగ్గర నేర్చుకుని నేను లైసెన్సు తెచ్చుకున్న రోజున అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి దేవుడి పటం దగ్గర ఉంచింది (ఆ కుంకుమ మరక చివరిదాకా నా ఫోటో బుగ్గ మీద ఉండిపోయింది). తరవాత మునిసిపాలిటీ గ్యారేజీలో బదిలీ డ్రైవరుగా చేరాను. అంటే అసలు డ్రైవరు సెలవు పెట్టిన రోజున మనకు పిలుపు. దుర్గాపూజల దాకా ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే పర్మనెంటు చేస్తానని బొడొబాబు, అంటే మా హెడ్డు గుమాస్తా, మాట ఇచ్చాడు. నేను పర్మనెంటు అయితే నాన్న ఆ కాలవల్లోకి దిగడం మానేయవచ్చు. అప్పటికే ఆయనకు రాత్రంతా దగ్గు. ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా అందరి ఆశా ఆ లైసెన్సు మీదే ఉండేది.

ఇంతా చేస్తే నాకు దక్కిందేమో శవాల బండి. నాకు చచ్చిన మనిషంటే చచ్చేంత భయం. ఆ సంగతి గ్యారేజీలో చెప్పుకోలేక మా మామ్మకు చెప్పుకున్నాను. శవం సంగతుల్లో వెనక్కి తిరిగి చూడకుండా ఉంటే ఏ భయమూ లేదని ఆవిడ ధైర్యం చెప్పింది. మా సొంతూళ్ళో శ్మశానం నుంచి ఇంటికి వచ్చేవాళ్ళకు పెట్టిన నియమం అది. మరి నా బండిలో వెనక్కి చూపించే అద్దం ఒకటుంది కదా, దాని సంగతేమిటని అడిగాను. మామ్మ కాసేపు ఆలోచించి, అద్దంలో చూసినా చూసినట్టే అని తేల్చేసింది. మర్నాటి నుంచి నేను స్టీరింగు ముందు కూర్చోగానే ఆ అద్దాన్ని బండి కప్పు వైపు తిప్పేసేవాణ్ణి.

ఆ రోజు మెటియాబ్రుజ్‌లో ఒక పెద్దాయనను ఎక్కించుకున్నాం. వెనక శవం పక్కన ఆయన కొడుకు ఒక్కడే కూర్చున్నాడు. సన్నగా, కళ్ళజోడు పెట్టుకున్న బడి మాస్టారు. మిగతా చుట్టాలు లారీలో మా వెనక బయలుదేరారు. బండి ఎక్కేముందు ఆ మాస్టారు నాకు బెంగాలీలో ఏదో చెప్పాడు. నేను లోలోపల ఆంజనేయస్వామిని తలచుకుంటూ ఉన్నానేమో, ఏమీ వినకుండానే బుద్ధిగా తల ఊపాను. ఖిదిర్‌పూర్ సందడిలోకి వచ్చేసరికి నా వీపు వెనక గాజుపలక మీద టక్ టక్ మని చప్పుడైంది. శవమే కొడుతోందనుకున్నాను. వెనక ప్రాణమున్న మనిషి కూడా ఒకడున్నాడన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. తొక్కాను. చప్పుడు పెరిగింది. ఇంకా తొక్కాను. రెండు చేతులతో బాదుతున్నట్టు వినిపించింది. అలీపూర్‌లో జంతుప్రదర్శనశాల పక్కన రోడ్డు ఖాళీగా కనబడగానే, ఆ ముసలి బండి జన్మలో ఎరగని వేగంతో పరిగెత్తింది.

ఎర్ర మోటారు సైకిలు మీద తెల్ల బట్టల సార్జంటు అడ్డం వచ్చి ఆపాడు. కిటికీ దగ్గరికి వచ్చి నన్ను చూశాడు, వెనక శవాన్ని చూశాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"లోపల ఆయనకు తొందరేమీ లేదు. నీకేమిటి తొందర?" అన్నాడు.

ఈలోగా వెనక తలుపు తెరుచుకుని మాస్టారు దిగాడు. కళ్ళజోడు వంకర పోయింది, చేతి వేళ్ళ కణుపులు ఎర్రగా కందిపోయాయి. నన్ను తిట్టలేదు. "డిపో దాటిపోయింది. అందరూ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. దాటిపోయింది," అని సార్జంటుతో అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. అప్పుడు తెలిసింది. ఆ పెద్దాయన జీవితమంతా ట్రామ్ నడిపిన మనిషి. పనిచేసిన చోట శవాన్ని కాసేపు ఆపి, తోటివాళ్ళ చేత దండ వేయించి తీసుకుపోవడం అక్కడి ఆనవాయితీ. ఖిదిర్‌పూర్ ట్రామ్ డిపో గేటు దగ్గర ఆపమనే మాస్టారు నాకు ముందు చెప్పింది; అక్కడ ఆయనతో పనిచేసినవాళ్ళంతా దండలతో ఎదురుచూస్తున్నారు. నేను వాళ్ళ కళ్ళముందే ఆయనను ఎత్తుకుపోయాను.

సార్జంటు నా లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఉదయం తమ ఆఫీసుకు రమ్మన్నాడు. ముందు ఆ అద్దం సరిచేసి, బండి తిప్పి తన వెనకే రమ్మన్నాడు.

అద్దం దించాక నాకు వెనక కనిపించింది నుదుట చందనపు చుక్కలు, కళ్ళ మీద తులసాకులు పెట్టుకుని పడుకున్న ఒక ముసలాయన. ఆయన పాదం పట్టుకుని కూర్చున్న కొడుకు. అంతే. నా భయం అక్కడే పోయింది, సిగ్గు మిగిలింది. సార్జంటు మోటారు సైకిలు మీద, మనిషి నడకకన్నా కొంచెం వేగంగా ముందు పోతున్నాడు. చేపలమ్మే ఆడవాళ్ళు, రిక్షావాళ్ళు, పుస్తకాల సంచులతో పిల్లలు, ఎక్కడివాళ్ళక్కడ ఆగి చెయ్యెత్తి నుదుటికి ఆనించుకుంటున్నారు. అన్నాళ్ళూ ఆ బండి నడిపి నేను అది చూడనే లేదు. నా స్పీడుకు వాళ్ళకు చెయ్యెత్తే వ్యవధి ఉండేది కాదు. డిపోలో ఖాకీ బట్టల మనుషులు ఒక్కొక్కరే వచ్చి దండలు వేశారు. లోపల నిలిచి ఉన్న ట్రామ్‌లలో ఎవరో కాలితో గంట మోగించారు, ఆ తరవాత తక్కినవన్నీ మోగాయి. నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రానికి క్వార్టర్లంతా మా గుమ్మం ముందు చేరింది. పోలీసులు పట్టుకున్నాక ఏం జరుగుతుందో ఆ వరసలో తెలియనివాళ్ళు లేరు. లైసెన్సుకు చిల్లు పొడుస్తారని టాక్సీ మావ. కాదు, కోర్టుకు పంపుతారని ఇంకొకాయన. లాకప్‌లో నల్లులు ఎక్కువ, దుప్పటి తీసుకుపొమ్మని, పేకాటలో ఒకసారి దొరికిన పొరుగాయన. యూనియన్లో తిరిగే మా బాబాయి అయితే, జెండాలు పట్టుకుని అందరం డెప్యుటేషన్‌గా పోదామన్నాడు (ఆ కాలంలో కుళాయిలో నీళ్ళు రాకపోయినా డెప్యుటేషనే). మామ్మ తన సలహాలో తప్పుందని చివరిదాకా ఒప్పుకోలేదు.

"అద్దం తిప్పినావు సరే, సెవుల్లో దూది ఏల పెట్టుకోనేదురా?" అంది.

చివరికి అందరూ వెళ్ళిపోయారు. అప్పుడు నాన్న దగ్గు ఆపుకుని అడిగాడు.

"ఆ తండ్రి పోయిన బాబు నిన్నేటన్నాడురా?"

"ఏటీ అన్నేదయ్యా."

"అలగయితే రేపు నానూ వొస్తాను," అన్నాడు.

మర్నాడు దుప్పటి లేకుండానే (అమ్మ రొట్టెలు మాత్రం కట్టింది) వెళ్ళాం. బల్ల మీద నా లైసెన్సు పెట్టి ఉంది. ఆ ఇంటివాళ్ళు ఫిర్యాదు రాసిస్తే గ్యారేజీకి పంపుతానని, లేకపోతే హెచ్చరించి వదిలేస్తానని సార్జంటు చెప్పాడు. కాసేపటికి మాస్టారు వచ్చాడు. కుట్టు లేని తెల్ల బట్ట, చెప్పుల్లేని కాళ్ళు, చేతిలో మైల రోజుల్లో వేసుకు కూర్చునే చిన్న చాప. నాన్న లేచి చేతులు జోడించాడు. చెప్పాలనుకున్నది బెంగాలీలో కూడదీసుకోలేక అలాగే నిలబడిపోయాడు. మాస్టారు ఆయన చేతులను, కాలవ నీళ్ళకు ఒరిసిపోయిన ఆ వేళ్ళను, చాలాసేపు చూశాడు.

"మా నాన్న బతికినన్నాళ్ళూ ట్రామ్ నడిపాడు," అన్నాడు సార్జంటుతో. "రోజూ బస్సులు, టాక్సీలు, చివరికి సైకిళ్ళు కూడా ఆయనను దాటిపోయేవి. ఇంటికొచ్చి అమ్మ దగ్గర విసుక్కునేవాడు. నిన్న ఆయనే అందరినీ దాటాడని అమ్మతో చెప్పాను. ఆయన పోయినప్పటి నుంచి మాట్లాడని మనిషి, కొంచెం నవ్వింది. నేనేమీ రాయను."

సార్జంటు లైసెన్సు నా వైపు జరిపాడు. బయటికొచ్చాక నాన్న మెట్ల మీద కూర్చుని, అమ్మ కట్టిన రొట్టెలు విప్పి, సగం నాకిచ్చాడు. పూజలకు ముందే నేను పర్మనెంటు అయ్యాను. ఆ ఏడాదే ఆయన కాలవల్లోకి దిగడం మానేశాడు. ఏ బండి కావాలని బొడొబాబు అడిగితే నేను శవాల బండే కోరుకున్నాను. నాకు మతి పోయిందని గ్యారేజీ అంతా అనుకుంది.

రిటైరయ్యేదాకా అదే నడిపాను. ఊళ్ళోకెల్లా నెమ్మదైన డ్రైవరునని పేరు పడింది. రాను రాను జనానికి తొందర ఎక్కువై, వెనక కూర్చున్నవాళ్ళే గాజుపలక మీద కొట్టి, దాదా, కాస్త త్వరగా పోనీయమనేవాళ్ళు. నేను అద్దంలో వాళ్ళను ఒకసారి చూసి, వినపడనట్టే నడిపేవాణ్ణి. ఇప్పుడు ఖిదిర్‌పూర్ రోడ్డు పక్కన నిలబడి, పోయే బండికి నేనే చెయ్యెత్తుతుంటాను. ఎప్పుడైనా ఒకటి మరీ రయ్యిమని పోతే కోపం రాదు. లోపల ఆంజనేయస్వామిని తలచుకుంటూ చెమటలు కక్కే కుర్రాడెవడో ఉన్నాడనిపించి నవ్వొస్తుంది. అద్దం దించుకో నాయనా, వెనకున్నది ఎవరికో నాన్న, అంతే, అని చెప్పాలనిపిస్తుంది. చెప్పేలోగా బండి మలుపు తిరిగిపోతుంది.