నాయన ముట్టని కంప్యూటర్

నాకు కోపమెక్కువ. ఇది నేను చెప్పే మాట కాదు, మా ఊరంతా చెప్పే మాట. కాలు సరిగా లేనిదానికి నోరన్నా గట్టిగా ఉండనీలే అని మా అమ్మ నవ్వేది. చిన్నప్పుడే పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. తొడ దాకా ఇనప పట్టీలు, తోలు బెల్టులు ఉండే క్యాలిపర్ కట్టుకొని నడుస్తాను. ఈ సంగతిలో ఆ ఇనప పట్టీలకు కూడా కొంచెం పనుంది కాబట్టి ముందే చెప్తున్నాను.

మా ఊరు బెళుగుప్పకు దగ్గర. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వానలు వరసగా ఎగ్గొట్టిన కాలంలో, నేను అనంతపురంలో ఒక ఏడాదుండి కంప్యూటర్లో ఇండ్ల బొమ్మలు గీసేది నేర్చుకున్నాను. ఇల్లు ఇంకా కట్టకముందే ముందు పక్క నుంచి ఎట్లుంటుందో రంగులతో సహా గీసి, తెర మీద చుట్టూ తిప్పి చూపించే పని. టౌన్లో ఒక ఇంజనీరు నా పని చూసి బాగుందన్నాడు. కానీ ఆయన ఆఫీసు మూడో అంతస్తులో ఉండేది, లిఫ్టు లేదు. రోజూ ఆ మెట్లెక్కేది నా వల్ల కాదని మొహం మీదే చెప్పేసినాను. మంచోడు, ఏమీ అనుకోలేదు. "అయితే ఇంట్లోనే చెయ్యమ్మా. పదైదు దినాల్లో మూడిండ్లు గీసుకొని రా. నచ్చితే పని నీ ఇంటికే పంపిస్తా" అన్నాడు.

ఇంకో పక్క మా పెదనాయన బెళుగుప్ప బస్టాండు దగ్గర నాకోసం ఒక టెలిఫోన్ బూత్ మాట్లాడి పెట్టినాడు. కాలో చెయ్యో లేనోళ్లకు బూత్ ఇప్పించేది అప్పట్లో అందరికీ తెలిసిన దోవే. ఆయన నా మంచికే చేసినాడు. కానీ ఆ అద్దాల గూట్లో కూర్చొని, బస్సు దిగే ప్రతివాడూ "పాపం" అని నా కాలు దిక్కు చూస్తాంటే బతికేది నాకు ససేమిరా ఇష్టం లేదు. పదైదు దినాల్లో మూడిండ్లు గీస్తే ఇంజనీరు పని. గీయలేకపోతే బూత్. పెదనాయనకు ఆ మాట మీద ఒప్పుకున్నాను.

కంప్యూటర్ని నేనే బిగించినాను. టౌన్లో ఒక అంగట్లో విడివిడిగా సామాన్లు తీసుకొచ్చి, నడవలో చాప పరచుకొని, ఒక పూటంతా కూర్చొని స్క్రూలు తిప్పినాను. బొమ్మలు తెర మీద నున్నగా తిరగాలంటే గ్రాఫిక్స్ కార్డని ఒకటి వేరుగా ఉండాలి. పచ్చటి పలక, దాని అంచుకు బంగారు రంగు పండ్లు. దాన్ని అన్నింటికన్నా కడాకు, ఊపిరి బిగబట్టి దాని గాడిలో కూర్చోబెట్టినాను.

అమ్మ మానిటరుకు కుంకుమ బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, నాయనను పిలిచి స్విచ్చు ఒత్తమన్నింది. నాయన గడప దాటి లోపలికి రాలేదు. తువ్వాలు భుజం మీదేసుకొని ఆడనే నిలబడి, "ఎర్తు ఉండాదా పాపా దీనికి?" అని అడిగినాడు.

నాకు ఒళ్లు మండింది. పూటంతా నడుం విరగ్గొట్టుకొని బిగిస్తే, బాగుందని ఒక్క మాట లేదు, ఎర్తంట!

"ఇదేమన్నా బోరు మోటారా నాయనా? తెలీకపోతే గమ్మునుండు" అన్నాను.

"సర్లే. నువ్వే ఒత్తుకో" అని ఆయన చేనికాడికి పోయినాడు. ఆ ఏడు చేన్లో ఎండిన కంప తప్ప ఏమీ లేదు. ఏముందని పోతాండావప్పా అని అమ్మ వెనకనుంచి అరిచింది. నా మిషనంటే ఆయనకు లెక్కలేదని నేను గట్టిగా అనుకున్నాను.

మిషను ఆన్ అయింది. అక్షరాలు బాగానే వచ్చినాయి. నా ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం ఇల్లు గీసేదాకే. గీసిన ఇంటిని తిప్పబోతే తెర మీద అడ్డంగా చారలు పడినాయి. పైకప్పు ఒక తావ, గోడలు ఒక తావ, కిటికీలు గాల్లో. ఆ తర్వాత అంతా బిగుసుకుపోయింది. మౌసు తిప్పినా కదల్లేదు, కీబోర్డు మీద గుద్దినా కదల్లేదు.

నేర్చుకున్న విద్యంతా బయటికి తీసినాను. కార్డు ఊడబీకి, దాని బంగారు పండ్లను బడిపిల్లోల్ల రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టినాను. కార్డుతో ఇచ్చిన సీడీ మూడుసార్లు ఎక్కించినాను. వేడికేమో అని డబ్బా మూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టినాను. రంగులు తగ్గించినాను. ఒక్కోసారి అరగంట బాగుండేది, ఇంగేం భయం లేదనుకునేలోపల చారలు మళ్లీ వచ్చేవి. లోపల చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్లకు చీమలు పారినట్టు జివ్వుమనేది. కొత్త మిషన్లు ఇట్లనే ఉంటాయేమోలే అని దాన్ని పట్టించుకోలేదు. ఎంత తెలివో చూడండి నాది!

ఆరో దినం కార్డును దూదిలో చుట్టి, అమ్మ స్టీలు క్యారియర్ గిన్నెలో పెట్టుకొని టౌనుకు బయల్దేరినాను. నాయన నా సంచి మోసుకొని బస్సు దాకా వచ్చినాడు. నేను మెట్టెక్కాలంటే రెండు చేతులతో కడ్డీ పట్టుకోవాల. "నాయనా, ఈ గిన్నె పట్టుకో" అని చాపినాను. ఆయన రెండడుగులు వెనక్కి పోయి, "అన్నా, అన్నా, పాప చేతిలోది కొంచెం పట్టుకో అన్నా" అని కండక్టరును పిలిచినాడు. ముక్కూమొహం తెలీని మనిషి నా గిన్నె అందుకున్నాడు. కిటికీలోంచి నాయన దిక్కు చూడను కూడా చూడకుండా మొహం తిప్పుకున్నాను. అనంతపురం దాకా ఆయన్ను తిట్టుకుంటానే పోయినాను.

అంగట్లో నా కార్డును వాళ్ల మిషన్లో పెట్టినారు. గంటసేపు ఇల్లు గిరగిర తిరిగింది. ఒక్క చార లేదు.

"కార్డు నిక్షేపంగా ఉండాదక్కా" అన్నాడు అంగడాయన.

"అంటే నాకు బిగించేది రాలేదంటావా?"

"నేనట్ల అన్నానా అక్కా? కావాలంటే వేరేది తీస్కపో."

వేరే కార్డు తెచ్చినాను. ఇంట్లో దానిమీదా అవే చారలు. ఇక లాభం లేదనిపించింది. పదకొండో దినానికి గీసింది ఒక్కిల్లు, అదీ సగం. పెదనాయన వచ్చి, బూత్‌కు కుర్చీ కొన్నానని చెప్పి పోయినాడు. ఆయన పోయినాక తలుపేసుకొని బాగా ఏడ్చినాను.

ఆ మధ్యాహ్నమే, కార్డు ఇంకోసారి చూద్దామని కుర్చీ ముందుకు లాక్కుంటే, క్యాలిపర్ ఇనప పట్టీ పోయి కంప్యూటర్ డబ్బాకు తగిలింది. వేళ్లకు జివ్వుమనేది ఈసారి తొడదాకా లాగింది. కెవ్వున అరిచి కుర్చీతో సహా కింద పడినాను. పెరట్లోంచి నాయన ఉరికి వచ్చినాడు. నన్ను లేపి కూర్చోబెట్టి, అంగీ జేబులోంచి టెస్టరు తీసినాడు. బోరు మోటారు ఉన్న కాలం నుంచీ అది ఆయన జేబులోనే ఉంటుంది. దాని మొన డబ్బాకు ఆనించి, తన చెయ్యి మాత్రం డబ్బాకు తగలకుండా చూసుకున్నాడు. లోపల దీపం ఎర్రగా వెలిగింది.

"దీని ఒళ్లంతా కరెంటు తిరుగుతాండాది పాపా. పోనీకి దోవ లేదు."

ఫీజు పీకి, గోడకున్న బోర్డు విప్పి చూపించినాడు. ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయి, బోర్డుకు మూడు బొక్కలున్నాయి. పైనున్న పెద్ద బొక్క వెనక తీగే లేదు. మా ఊర్లో ఎవరింట్లోనూ లేదు. ఉత్తుత్తి బొక్క. కరెంటు భూమిలోకి దిగాల్సింది దాంట్లోంచే. నాయన మొదటి దినమే అడిగిన ఎర్తు అదే. అంగట్లో ఆ తీగ ఉంది కాబట్టి కార్డు బాగుండేది, మా ఇంట్లో లేదు కాబట్టి బొమ్మ చెదిరేది. నేను పదకొండు దినాలు కార్డును రుద్దుతా కూర్చున్నాను.

నాయన పార తీసుకొని చేనికి పోయినాడు. ఎండిపోయిన బోరు కాడ స్టార్టరు డబ్బాకు ఎర్తు కోసమని పాతిన ఇనప పైపు తవ్వి, భుజాన పెట్టుకొని వచ్చినాడు. అమ్మ బోకులు తోమే బండ పక్కన గుంత తవ్వి, పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గులు, ఉప్పు పోసి పూడ్చినాడు. దానికి తీగ కట్టి బోర్డు దాకా లాగినాడు. అప్పుడు అమ్మ దిక్కు చూసి, "ఒక బిందె నీళ్లు తేవే" అన్నాడు.

"రెండు బిందెలే ఉండాయి. ట్యాంకరు ఎల్లుండికి గానీ రాదు. తాగనీకి లేకపోతే మట్టికి పోస్తావా?"

"ఎండిన నేలలో కరెంటు దిగదే. తడి ఉండల్ల."

అమ్మ నా మొహం చూసింది. ఏడ్చిన కండ్లు కనిపించినాయేమో, ఇంకేమీ అనకుండా బిందె తెచ్చి తనే గుంతలో వంచింది. నేల గుటగుట తాగేసింది. "రేపట్నుంచి బియ్యం కడిగిన నీళ్లు, మొహం కడిగిన నీళ్లు అన్నీ ఈన్నే పోస్తాంలే" అన్నింది.

నాయన ఫీజు పెట్టినాడు. డబ్బాకు టెస్టరు ఆనిస్తే వెలగలేదు. నేను కుర్చీలో కూర్చొని, "రా నాయనా, నువ్వే ఒత్తు" అన్నాను.

"వద్దు పాపా."

"ఇంత చేసినోనికి స్విచ్చు ఒత్తనీకేం? ఇంకా నా మీద కోపమా?"

"కోపమెందుకు పాపా." ఆయన మట్టి చేతులు చూసుకున్నాడు. "నాలుగు బోర్లకు టెంకాయ నేనే కొడితిని. నాలుగింటికీ స్విచ్చు నేనే ఒత్తితిని. ఒగదాంట్లో గూడ నీళ్లు నిలబడలేదు. నా చెయ్యి మంచిది కాదు. నీ బతుకు మీద ఈ చెయ్యి ఎందుకు పెట్టల్ల?"

"ఆ పొద్దు బస్సుకాడ గిన్నె పట్టుకోనిది కూడా..."

"అందుకే."

కండక్టరు చేతికి ఇప్పించినాడని అనంతపురం దాకా ఈయన్నే నేను తిట్టుకుంటా పోయింది! ఏడుపొచ్చింది. దానికన్నా ముందు కోపమొచ్చింది. ఆయన మీద కాదు, ఆ నాలుగు బోర్ల మీద, నా నోటి మీద. లేచి, ఆయన మణికట్టు పట్టుకొని లాగినాను. నాకు కాళ్లలో లేని బలం చేతుల్లో ఉంది. విడిపించుకోబోయి ఊరకైనాడు. తువ్వాలుకు చెయ్యి రెండుసార్లు తుడుచుకొని, ఒక వేలితో స్విచ్చు ఒత్తినాడు.

మిషను ఆన్ అయింది. సగం గీసిన ఇంటిని తెరిచి చుట్టూ తిప్పినాను. పైకప్పు గోడల మీదే ఉంది. ఇంకోసారి తిప్పినాను, మూడోసారి కూడా తిప్పినాను. నాయన వంగి చూసి, "ఈ ఇంటికి బోరు యాడ ఏస్తారు?" అని అడిగినాడు. అమ్మ, నేను ఆపుకోలేక నవ్వినాము.

మిగిలిన నాలుగు దినాలు కూర్చున్న చోటి నుంచి లేవలేదు. పదైదో దినం మూడిండ్లూ తీసుకపోయి ఇచ్చినాను. ఇంజనీరు కాసేపు చూసి, ఒక కిటికీ రంగు మార్చమన్నాడు, అంతే. పెదనాయన తెచ్చిన కుర్చీ మా ఇంటికే వచ్చింది, కంప్యూటర్ ముందర.

వారానికి మొదటి పని వచ్చింది. ఎవరో కట్టుకోబోయే ఇంటి ప్లాను, బస్సులో కవరేసి పంపినారు. పొద్దున్నే కూర్చొని స్విచ్చు మీద వేలు పెట్టబోతే పెరట్లోంచి నాయన గొంతు వినబడింది. గుంతలో బియ్యం కడిగిన నీళ్లు పోస్తాండాడు.

"ఉండు పాపా, వస్తాండా" అన్నాడు. "నేనొత్తుతా."