మరక లేని పట్టుచీర

నిన్న మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, చెదలు పట్టినాయేమో చూడమని నా చేత ట్రంకుపెట్టె తెరిపించింది. కలరా ఉండల వాసన గుప్పుమనింది. మీకూ గుర్తుండాదా, పెళ్లిళ్లలో మన అమ్మల పక్కన కూచుంటే వచ్చే వాసన?

మా అమ్మకు పెళ్లిళ్లకు కట్టేదానికి ఒకటే ధర్మవరం చీర. పెట్టె తాళం మాత్రం అవ్వ మొలలో ఉండేది. పెళ్లి నుంచి రాంగానే అమ్మ చీర విప్పి ఇయ్యాల. అవ్వ అరుగు మీద కూచోని, వీధి వీధంతా చూస్తాండగా, దాన్ని వాసన చూసేది. "చెమట కంపు. దీనికి పట్టొకటి" అనేది.

చారు పడుతుందని అమ్మ ఏ పెళ్లిలోనూ బంతిలో కూచోలేదు. నేను దగ్గరకు పోతే "చేతులు కడుక్కోని రా పాపా, చీర ముట్టుకోవద్దు" అనేది. ఇంటికొచ్చి మిగిలిన సంగటి తినేది.

"మడతలు మార్చి పెడదాం అత్తా, లేకుంటే పట్టు చినుగుతాది" అని అమ్మ ఎన్నిసార్లు అడిగిందో.

"నా పెట్టెలో నువ్వు చెయ్యి పెట్టొద్దు" అనేది అవ్వ.

అమ్మ పోయి చాన్నాళ్లయింది. నిన్న చీర విప్పితే మరక ఒక్కటి లేదు. మడత మడతకూ నిలువునా చినిగిపోయింది.

అవ్వ అన్నం తింటా చూసింది. "మీయమ్మ చెమటకే చినిగింది" అనింది.

అంటానే గిన్నెకు చెయ్యి తగిలించి, చారంతా నేల మీద ఒలకబోసింది.

ఆ చీరతోనే, ఆమె చూస్తాండగానే, శుభ్రంగా తుడిచినా.