బాపును ఒప్పుకోని దవాఖాన కంప్యూటర్

ఉద్యోగంలో చేరిన ఆ తొలి రోజుల్లో నాకు కుర్చీలో కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. కంప్యూటర్ 'ఆగండి' అని చూపిస్తే చాలు, లేచి కిటికీ దాకా వెళ్లి, మళ్లీ వచ్చి తెరను గుడ్లురిమి చూసేదాన్ని (అలా చూస్తే దానికి భయం పుట్టి వేగం పెంచుతుందని నా నమ్మకం). గోదావరిఖనిలో ఒక మందుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు మాది. యజమానిని అందరం అన్న అనే పిలిచేవాళ్లం. గని కార్మికుల దవాఖాన కోసం జావాలో ఒక అప్లికేషన్ రాశాం. అందులో హాజరుకు ఒక భాగం, వైద్యానికి ఒక భాగం. కార్మికుడంటే ఎవరు, ఏ గనిలో పని అన్న వివరాలు చూసుకునే కోడ్ లైబ్రరీ మాత్రం రెండింటికీ ఉమ్మడి. అన్నిటినీ ఒక్క ప్యాకేజీగా కట్టి సర్వర్ మీదికి ఎక్కించే పని నాది.

దాన్ని దవాఖానలో డాక్టరుగారికి చూపించే రోజు వచ్చింది. నిజమైన పేషెంటు ఒకరు కావాలంటే నేను మా బాపు పేరు చెప్పాను. అసలు ఆలోచన అమ్మది. కొన్ని నెలలుగా బాపుకు దగ్గు. చూపించుకుంటే గనిలోంచి తీసి, జీతం తక్కువుండే పైన డ్యూటీ వేస్తారని భయపడి దాటేస్తున్నాడు. "కంప్యూటర్ సాకు పెట్టి తోల్కపో బిడ్డా. డాక్టర్ ముందట కూసున్నంక చూడకుంట పంపుతడా" అంది అమ్మ.

మొదటి షిఫ్టు దిగి, తడి తలతో, రెప్పల అంచున బొగ్గు ఇంకా కాటుకలా ఉండగానే వచ్చాడు బాపు. "జల్ది కానియ్యి, ఆకలైతుంది" అంటూ కూర్చున్నాడు. హాజరు భాగం ఆయన్ని వెంటనే గుర్తుపట్టింది. వైద్య భాగానికి పంపగానే తెర మీద ఎర్రక్షరాలు. డాక్టరుగారు వంగి చదివారు. "కార్మికుణ్ణి కార్మికుడిగా మార్చలేమంటుంది. అంటే ఏందమ్మా?"

నేను నోరు తెరిచేలోపే బాపు అడిగాడు. "మరి పొద్దుగాల గనిలకు దిగింది ఎవడు బిడ్డా?"

జరిగిందేమిటంటే, ఉమ్మడి లైబ్రరీని ఒకే చోట పెట్టకుండా, ఎందుకైనా మంచిదని రెండు భాగాల్లోనూ చెరో నకలు పెట్టాను. సర్వర్ వాటిని వేర్వేరుగా చదివింది. దాంతో ఇక్కడి కార్మికుడు అక్కడ పరాయివాడయ్యాడు. (ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ, అప్పుడు ఆ ఎర్రక్షరాలను మూడుసార్లు చదివాను.) గబగబా లైబ్రరీని ఉమ్మడి ఫోల్డర్లో పెట్టి, మళ్లీ ప్యాకేజీ కట్టి ఎక్కించాను. సర్వర్ లేవడానికి దాని తీరిక దానిది. గది ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతున్నాను. బాపు లేచాడు. "రేపొస్త తియ్యి." ఆ రేపు ఎప్పటికీ రాదని నాకు తెలుసు. భుజం పట్టి కూర్చోబెట్టాను. "కూసో బాపు, అయిపోయింది."

అవలేదు. మళ్లీ అవే ఎర్రక్షరాలు.

నాతో పాటు వచ్చిన అన్న మెల్లగా అడిగాడు. "చెల్లె, కొత్తది పెట్టినవ్ మంచిదే. పాతయి తీసినవా?"

తీయలేదు. తీశాను. మళ్లీ కట్టాను, మళ్లీ ఎక్కించాను. ఈసారి తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడ్డాను. వెనకాల దగ్గు వినబడింది, ఏవో మాటలు వినబడ్డాయి, పట్టించుకోలేదు. చివరికి బాపు పేరు వైద్య భాగంలో మెరిసింది. "బాపు, నిన్ను ఒప్పుకుంది" అంటూ తిరిగాను.

కుర్చీ ఖాళీ.

పారిపోయాడనుకుని గేటు దాకా ఉరికాను. వాచ్‌మన్ ఎవరూ పోలేదన్నాడు. రొప్పుతూ తిరిగొస్తే, గది మూల పరదా వెనక చొక్కా గుండీలు విప్పుకుని ఉన్నాడు బాపు. డాక్టరుగారు వీపుకు స్టెతస్కోపు ఆనించి "గట్టిగ శ్వాస తీస్కో" అంటున్నారు. మనిషిని చూడటానికి ఆయనకు నా ప్యాకేజీతో పనిలేకపోయింది.

ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము చేరడం ఇప్పుడిప్పుడే మొదలైందని, టైముకు వచ్చాడని చెప్పారు. పైన డ్యూటీ పడింది. బాపు నాతో చాలా రోజులు ముభావంగా ఉన్నాడు, దగ్గు మాత్రం తగ్గింది.

ఆ పిల్లను, అంటే అప్పటి నన్ను, ఇప్పుడు తలచుకుంటే నవ్వూ వస్తుంది, దగ్గరికి తీసుకుని ఒక మొట్టికాయ వేయాలనీ అనిపిస్తుంది. ఆ సాయంత్రం గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చి "ఏమైంది బిడ్డా" అని అడిగితే, "మంచిగైందమ్మా, ఇగ ఫికర్ లేదు" అన్నాను. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఏ మందు రాసిండ్రు?"

"మందెందుకమ్మా, సర్వర్‌కు?" అన్నాను.