రవణి ఎక్కడ కూర్చుంటుంది?

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలోని మా రైల్వే క్వార్టర్లో మేం ఐదుగురం ఉండేవాళ్ళం. నా లెక్కలో మాత్రం ఆరుగురం. అమ్మ, నాన్న, మా తాతయ్య, నేను, చెల్లి కాక ఆరో మనిషి రవణి. రవణిని నేను తప్ప ఎవరూ చూడలేదు. దానికీ నాలాగే ఎనిమిదేళ్ళు. రెండు జడలు, ఊడిపోయిన ముందుపన్ను. బళ్ళో బెంగాలీ పిల్లలు నా మాట విని పగలబడి నవ్విన రోజున, ఒంటరిగా ఇంటికి వస్తుంటే దారిలో నా పక్కన చేరింది. అప్పట్నుంచి నాతోనే నడిచేది, నా కంచంలోనే తినేది, నేను చెప్పినవన్నీ నవ్వకుండా వినేది.

అమ్మకి ఇది నచ్చేది కాదు. గోడతో మాట్లాడే పిల్ల అని క్వార్టర్ల వరసలోని వాళ్ళు అనుకుంటారని ఆవిడ భయం. నాన్న వర్క్‌షాప్ నుంచి అలిసిపోయి వచ్చి, ఏదీ పట్టించుకునేవాడు కాదు. తాతయ్య మాత్రం అప్పుడప్పుడు "మీ రవణి తిన్నాదేటే?" అని అడిగేవాడు. ఆయన అమ్మకి తండ్రి. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి, యార్డులో జెండా ఊపి బళ్ళు అటూ ఇటూ మార్పించే పనిలో జీవితమంతా గడిపి రిటైరయ్యాడు. రవణి గురించి అడిగేటప్పుడు ఆయన ముఖంలో వెటకారం ఉండేది కాదు. పక్కింటివాళ్ళ క్షేమం అడిగినట్టే అడిగేవాడు.

చెల్లికి అప్పుడు నాలుగేళ్ళు. రవణి అంటే దానికి పిచ్చి. "నాకూ సూపించక్కా" అని నా గౌను పట్టుకుని వేలాడేది. నాకేమో ఇంట్లో నాదంటూ ఒక్క వస్తువు లేదు. దుప్పటి, పలక, చివరికి అమ్మ పక్కన చోటు, అన్నీ చెల్లితో పంచుకోవలసినవే. రాత్రిళ్ళు దాని కబుర్లు చెప్పేదాన్నే గానీ, రవణినైనా పంచుకోకూడదని పంతం పట్టాను.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం చెల్లి మళ్ళీ మొదలుపెట్టింది. నేను విసుగెత్తిపోయి, "రవణి ఇక్కడ నేదు. గోడవతల ఖాళీ డబ్బాల కింద నీడలో కూకున్నాది. కావాలంటే ఎల్లి సూసుకో" అన్నాను. మా క్వార్టర్ల వెనక గోడకి ఒక కంత ఉండేది. అది దాటితే యార్డు పట్టాలే. గూడ్సు బండి డబ్బాలు ఖాళీవి ఒక్కోసారి రోజుల తరబడి అక్కడ నిలబడి ఉండేవి. అటు అడుగు పెట్టకూడదని మా ఇద్దరికీ తెలుసు. అది వెళ్ళదనే ధైర్యంతోనే అన్నాను. అనేసి, పక్కింటి బెంగాలీ దీదీ కొత్త కుట్టుమిషను మీద కుడుతుంటే చూద్దామని వెళ్ళిపోయాను.

నాలుగింటికి అమ్మ చెల్లిని పాలకి పిలిచింది. పలకలేదు. మంచాల కింద చూసింది, పంపు దగ్గర చూసింది, దీదీ ఇంటికి వచ్చి నన్నడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. దీదీ మిషను వదిలేసి "ఖుకీ కోథాయ్, ఖుకీ కోథాయ్" అని, పాప ఎక్కడ అని, వరసలోని ప్రతి తలుపూ తట్టింది. ఎవరూ చూడలేదు. అమ్మ గొంతులో మొదట కోపం ఉంది. ఆ తర్వాత కోపం పోయి ఒట్టి పిలుపే మిగిలింది. ఆఖరికి పేరు సగంలోనే విరిగిపోతోంది.

నేను తిరిగొచ్చి మా గుమ్మంలో నిలబడి ఉన్నాను. చెబితే నేనే పంపానని తెలిసిపోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో పూర్తిగా ఆలోచించే ధైర్యం కూడా లేకపోయింది. అప్పుడే గోడవతల ఇంజను కూసింది. ఆ వెనకే డబ్బాలు ఒకదాన్నొకటి లాక్కుంటూ కదిలిన చప్పుడు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. రోజూ వినే చప్పుడే. ఆ రోజు అది విని ఇక ఆగలేకపోయాను.

"రవణి కాడికెల్లింది" అన్నాను.

అమ్మ ఒక్క అంగలో వచ్చి నా రెక్క పట్టుకుంది. "పిల్ల కనపడక నాను సస్తంటే, ఇప్పుడు కూడా ఆ నేని పిల్ల కబుర్లేటే!" అని చెయ్యెత్తింది.

తాతయ్య ఆ చేతిని గాల్లోనే పట్టుకున్నాడు. "ఆగమ్మా. దాన్ని సెప్పనీ" అన్నాడు. ఆయనకి మోకాళ్ళు వంగేవి కావు. అయినా గుమ్మాన్ని పట్టుకుని మెల్లిగా నా ముందు కూర్చున్నాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది.

"రవణి ఎక్కడున్నాదే తల్లీ?"

"గోడవతల. ఖాళీ డబ్బాల కింద."

ఆయన లేచి, నా చెయ్యి పట్టుకుని కంతలోంచి పట్టాల మీదికి తీసుకెళ్ళాడు. అమ్మ మా వెనకే వచ్చింది. పొద్దున్నుంచీ డబ్బాలు నిలబడి ఉన్న చోట ఏమీ లేదు. ఒట్టి పట్టాలు ఎండకి మెరుస్తున్నాయి. ఆ రెండు పట్టాల మధ్య, కంకర మీద, చెల్లి చెప్పు ఒకటి పడి ఉంది. అమ్మ దాన్ని చూసి అక్కడే కూలబడింది.

తాతయ్య వంగి పట్టాల వెంట అటూ ఇటూ చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంజను కూస్తే రవణి ఏటి సేస్తాదే?" అని అడిగాడు.

"నాన్నా!" అని అమ్మ అరిచింది. ఆయన అటు తల తిప్పలేదు. నా ముఖంలోకే చూస్తున్నాడు.

నాకు ఇంజను కూతంటే చచ్చే భయం. అందుకని రవణికీ భయమే. "డబ్బా కిందనుంచి బయటికొచ్చేస్తాది. పరిగెట్టి గుమ్టీలో కూకుంటాది, సెవులు మూసుకుని" అన్నాను.

"ఏ గుమ్టీ?"

"నీల్ల టాంకీ కాడది. తలుపు నేనిది."

"ఈ సంగతి సెల్లికి సెప్పినావా?"

"పడుకున్నప్పుడు రోజూ సెప్తాను."

పూర్వం పట్టాల పనివాళ్ళు పనిముట్లు దాచుకున్న ఇటుక గది అది. మాకూ దానికీ మధ్య నాలుగు జతల పట్టాలున్నాయి. అమ్మ లేచి పరుగెత్తబోతే తాతయ్య కొంగు పట్టుకుని ఆపాడు. ఒక్కో జత ముందు మమ్మల్ని నిలబెట్టి, రెండు వైపులా చూసి, అప్పుడు దాటించాడు. ఆగిన ప్రతిసారీ నేను ఆయన చెయ్యి ముందుకి లాగాను.

ఆఖరి జత ముందు ఆగాం. డబ్బాలను వదిలేసిన ఇంజను ఒంటరిగా, వెనక్కి నడుస్తూ, అదే పట్టా మీద తిరిగి వస్తోంది. కూత లేదు, పెద్ద చప్పుడూ లేదు. అవతల గుమ్టీ గుమ్మంలో చెల్లి నిలబడి ఉంది. చెవుల మీద నుంచి చేతులు తీసేసింది. మమ్మల్ని చూసి నవ్వి, పట్టాల వైపు అడుగు వేసింది.

తాతయ్య చెయ్యి పైకెత్తి, యార్డులో ఎన్నో ఏళ్ళు అరిచిన గొంతుతో, "రవణి కూకోమంటన్నాదే! కూకో!" అని ఒక్క కేక పెట్టాడు.

చెల్లి ఉన్నచోటే చటుక్కున కూర్చుని, చెవులు మూసుకుంది. మాకూ దానికీ మధ్య నుంచి ఇంజను వెళ్ళింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

అమ్మ చెల్లిని ఎత్తుకుని వదల్లేదు. మోకాలు గీరుకుపోయింది, అంతే. చెల్లి అమ్మ భుజం మీంచి నన్ను చూసి, "రవణి రానేదక్కా" అని ఫిర్యాదు చేసింది. తాతయ్య నన్ను చూశాడు. నేనే, "రవణి అంటూ ఎవులూ నేరు. నానే కల్పించినాను" అన్నాను.

"ఉన్నాది. కూకోమని సెప్పినాది కదా" అంది చెల్లి.

సాయంత్రం గుమ్మం మెట్టు మీద తాతయ్య పక్కన తిట్లకోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆయన, "నాను పచ్చజెండా ఊపితే డ్రైవరు బండి కదిపేసీవోడు. నిజవా అని దిగొచ్చి అడిగీవోడు కాడు. నిన్ను అలాగ నమ్మీ మడిసి ఇంట్లో ఒకలున్నారు, మర్సిపోకు" అన్నాడు. "రవణిని ఎల్లగొట్టమని నాను సెప్పను" అని కూడా అన్నాడు.

వెళ్ళగొట్టే అవసరం రాలేదు. ఆ తర్వాత అది నా దగ్గరికి రావడం తగ్గించి, ఒకనాటికి పూర్తిగా మానేసింది. చెల్లి దగ్గర మాత్రం ఇంకో రెండేళ్ళు ఉంది. చెల్లి తన కంచంలో దానికోసం ఒక ముద్ద పక్కన పెడుతుంటే నేను ఎప్పుడూ నవ్వలేదు.

పెద్దయ్యాక అదే ఊళ్ళో న్యూ సెటిల్‌మెంట్ బళ్ళో చాలా ఏళ్ళు చిన్న పిల్లలకి పాఠాలు చెప్పాను. నమ్మశక్యం కాని కథలు మోసుకుని నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళు ఎందరో. నిజమా అబద్ధమా అని నేను ముందుగా అడగలేదు. తర్వాత ఏమైందని అడిగి, చివరిదాకా విన్నాను. ఆ రోజు అమ్మ చెయ్యి నా మీద పడి ఉంటే, రవణి లేదని ఏడుస్తూ అప్పుడే ఒప్పేసుకునేదాన్ని. రవణి లేదన్నది నిజమే. కానీ ఆ నిజం పట్టుకుని వెతికితే మా చెల్లి మాకు దొరికేది కాదు.